దర్వాజ లేని గది

1948 జూన్ 24, గురువారం పొద్దున ఏడున్నరకు మట్టి తొక్కడం మొదలుపెట్టాము. ఏరువాక పున్నమి పోయిన మూడో రోజు అది. మా ఇంట్లో గడియారం లేదు. ఆలేరు మా ఊరికి రెండు కోసుల దూరం. గాలి అటునుంచి వీచినప్పుడు పొద్దటి రైలు కూత వినబడేది. ఆ రైలు ఏడుంబావుకు వస్తుందని ఊరంతా అనుకునే లెక్క. కూత విన్నాక కుచ్చెళ్లు ఎగదోపుకుని, గుంటలో నీళ్లు పోసి, కాలు పెట్టేసరికి ఇంకో పావుగంట పట్టి ఉంటుంది. అప్పట్లో నేను రోజులను తెలుగు నెలల్లో ఒక నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. ఇంగ్లీషు తేదీలు తర్వాత పాత పంచాంగం ముందు పెట్టుకుని సరిచూసి వేసినవి. ఒక రోజు అటూ ఇటూ అయ్యే అవకాశం లేదు.

నాకు అప్పుడు ఏడో నెల నిండవస్తోంది. వినాయక చవితికి అటో ఇటో కాన్పు అవుతుందని మంత్రసాని చెప్పింది. అంటే చేతిలో డెబ్బై అయిదు రోజులు. ఆ డెబ్బై అయిదు రోజుల్లో పొడిగా ఉండే ఒక గది నాకు కావాలి. ఇంకేమీ అడగలేదు.

ఎందుకో చెబుతాను. నా మొదటి కాన్పు 1946లో, ఆనవాయితీ ప్రకారం పుట్టింట్లో జరిగింది. శ్రావణమాసం. మా అమ్మవాళ్లది గడ్డి ఇల్లు. ఆ ఏడు గడ్డి మార్చలేదు. నన్ను పడుకోబెట్టిన మూల తప్ప మిగతా ఇల్లంతా కురిసింది. మూల కురవలేదు గాని నేల కింది నుంచి చెమ్మ వచ్చింది. చాప ఎత్తితే కింద నల్లగా తడి మరక ఉండేది. పిల్లవాడికి పదో రోజు ఒళ్లు చల్లబడింది. పాలు పట్టడం మానేశాడు. పదకొండో రోజు పోయాడు. నా లెక్కలో కారణం ఆ చెమ్మ.

మా అత్త లెక్కలో కారణం వేరు. మా దిక్కు పద్ధతి ఏమిటంటే, పెళ్లాం కడుపుతో ఉన్నప్పుడు మగడు ఇల్లు కట్టకూడదు, పునాది తీయకూడదు, మేకు కొట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా దర్వాజ ఎత్తకూడదు. ద్వారబంధం నిలబెట్టడాన్ని మా దగ్గర దర్వాజ ఎత్తడం అంటారు. నాకు మొదటిసారి నాలుగో నెల ఉన్నప్పుడు మా ముందింటి దర్వాజకు చెద పట్టింది. మా అత్త తన అక్క ఊరికి పెళ్లికి పోయి ఉంది. మా ఆయన చెద పట్టినదాన్ని తీసేసి, వేపకర్రతో కొత్తది చేయించి తానే ఎత్తాడు. ఆమె తిరిగివచ్చి చూసింది. పిల్లవాడు పోయాక ఒకే ఒకసారి అంది: "నేను ఇంట్ల ఉంటే గా దర్వాజ లేవకపోవు." ఆ మాట తర్వాత మా ఆయన ఆ దర్వాజ కింద నిలబడి ఎవరితోనూ మాట్లాడటం నేను చూడలేదు. దాటి లోపలికి వచ్చేవాడు, దాటి బయటికి పోయేవాడు.

రెండో కాన్పు అత్తగారింట్లోనే. మాది ఒక ముందిల్లు, ఒక వంటిల్లు, రెంటికీ కలిపి ఒకే గడ్డికప్పు. ఆ వానాకాలం మొదటి జల్లుకే ఏడు చోట్ల కురిసింది. ఇంటికి అయిదు మూరల దూరంలో పశువుల కొట్టం ఉంది. దానికి మూడు మట్టి గోడలు, నాలుగో వైపు ఖాళీ. మా వాడలో చాలామంది ఆడవాళ్లు కొట్టాల్లోనే కన్నారు. నేను ఆ కొట్టాన్ని గది చేయాలనుకున్నాను. గోడలు పెట్టే పనివాళ్లు దొరకలేదు. ఆ ఏడు ఊళ్లమీద దాడులు ఎక్కువయ్యాయి. సర్కారు అండ ఉన్న సాయుధులు క్యాంపుల నుంచి గుంపులుగా వచ్చి ధాన్యం, పశువులు తోలుకుపోయేవాళ్లు, మగవాళ్లను పట్టుకుపోయేవాళ్లు, పోతూ పోతూ ఇళ్లకు నిప్పు పెట్టేవాళ్లు. కాయకష్టం చేసేవాళ్లు సగం మంది ఊళ్లు విడిచి పోయారు. వడ్రంగం చేసే వడ్ల ఆయన కూడా పోయాడు. మేమే చేసుకోవాలి.

"నీ మొగనితోని మన్ను ముట్టిపియ్యకు పిల్లా," అంది మా అత్త.

"ఆయన కట్టడు అత్తా. నేను కడత."

"ఏడో నెల కడుపేసుకొని గోడ కడతవా? చూసినోళ్లు నా మొకం మీద ఉమ్మరా?"

"మరి నువ్వు కట్టు."

ఆమె నా వైపు చూసింది, కొట్టం వైపు చూసింది. తమలపాకు నములుతూ చాలాసేపు ఆలోచించింది.

"గా నాలుగో గోడ పడిపోయిందే గద?"

"నేను వచ్చినకాడినుంచి లేదు."

"నువ్వు రాకముందు ఉండె. మీ మామ ఉన్నప్పుడు ఉండె. పడిపోయిన గోడను లేపుడు కట్టుడు గాదు, మరమ్మతు. మరమ్మతుకు దోషం లేదు."

తర్వాత మా ఆయన్ను అడిగాను, నాలుగో గోడ ఎప్పుడు పడిపోయిందని. "నేను పుట్టినంక చూడలే," అన్నాడు.

మరమ్మతుకు కూడా మా అత్త షరతులు పెట్టింది. పునాది తీయకూడదు, కొట్టం ముందు పాత బండలు వరుసగా ఉన్నాయి గనుక వాటిమీదే గోడ లేపాలి. ప్రతి వరుసకు మొదటి ముద్ద నేను పెట్టాలి, అప్పుడది ఆయన పని కింద రాదు. మేకులన్నీ నేనే కొట్టాలి. ఆయన పట్టుకోవచ్చు.

పాటిమట్టి, దానిలోకి తరిగిన జొన్న చొప్ప, నీళ్లు. రోజంతా తొక్కి మరునాటికి నాననిచ్చి మళ్లీ తొక్కాలి. నేను పొద్దున కాసేపు తొక్కేదాన్ని, మిగతా అంతా ఆయన. గోడ పొడవు తొమ్మిది మూరలు, మందం మూర, ఎత్తు మూర చొప్పున అయిదు వరుసలు. మధ్యలో మనిషి పోవడానికి రెండు మూరల సందు. ఒక వరుస ఆరడానికి అయిదు రోజులు అనుకుంటే ఇరవై అయిదు రోజుల్లో గోడ అయిపోవాలి. వాన ఎనిమిది రోజులు తినేసింది. ముప్పై మూడు రోజులు పట్టింది. పడమటి గోడలో పైకి జానెడు రంధ్రం పెట్టాము, కుంపటి పొగ పోవడానికి.

కొలతల్లో ఒక పొరపాటు జరిగింది. గది పొడవు నేను నా మూరతో కొలిచాను. తాటి వాసాలు ఆయన తన మూరతో కొలిచి నరికి తెచ్చాడు. ఆయన మూర నా మూరకంటే రెండు వేళ్లు ఎక్కువ. తొమ్మిది మూరలకు పద్దెనిమిది వేళ్లు, జానెడున్నర. వాసాలు పైన పెడితే గోడ దాటి బయటికి పొడుచుకొచ్చాయి. ఆయన రంపం తెచ్చాడు. నేను వద్దన్నాను. చూరు ఎంత ముందుకు ఉంటే గోడ అంత పొడిగా ఉంటుంది. ఆ పొరపాటును నేను తప్పుల్లో రాయలేదు.

వాసాలకు మేకులు కొట్టేటప్పుడు ఆయన కింద బల్లమీద నిలబడి మేకు పట్టుకున్నాడు, నేను మంచం మీదికెక్కి సుత్తె పట్టుకున్నాను.

"జర చూసి కొట్టు. నా వేలున్నది."

"అయితే తియ్యి."

"తీస్తే మేకు నిలబడతదా?"

"మీ అమ్మనడుగు, మేకు పట్టుకునుడు కట్టుడో మరమ్మతో."

మొత్తం ముప్పై రెండు మేకులు కొట్టాను. రెండుసార్లు ఆయన వేలికి తగిలింది, రెండూ ఎడమ బొటనవేలికే. కింద నుంచి మా అత్త, "వాని వేలు మరమ్మతుకు రాదు, నెమ్మదిగ కొట్టు," అంది.

పైన గడ్డి వేయనివ్వలేదు నేను. గూనపెంక కావాలన్నాను. పక్క ఊరి కుమ్మరి ఒక ఇంటికోసం చేసి కాల్చిన పెంకలు అతని వాములోనే ఉండిపోయాయి. చేయించుకున్నవాళ్లు పట్నం పోయారు. ఒక పొట్టేలును ఇచ్చి తెచ్చుకున్నాము. నలభై చొప్పున ఇరవై మూడు తట్టలు, మొత్తం తొమ్మిది వందల ఇరవై. పగిలినవి ముప్పై ఒకటి. ఆగస్టు 9, సోమవారం నాటికి కప్పు పూర్తయింది. ఆ సాయంత్రమే వాన పడింది. నేను లోపల నాలుగు మూలలా నిలబడి తల ఎత్తి చూశాను. ఎక్కడా చుక్క లేదు.

నేల సంగతి మిగిలింది. మోకాలెత్తున మొరం పోసి దిమ్మిసతో కొట్టి, పైన మట్టి పరిచి అలికాము. ఆరిందని అందరూ అన్నారు. నేను మోదుగాకులో గుప్పెడు ఉప్పు పోసి నేలమీద పెట్టాను. సాయంత్రానికి ఉప్పు చెమర్చింది. పిడకలు కాల్చి బూడిద పరిచాను. రెండు రోజుల తర్వాత మళ్లీ ఉప్పు పెట్టాను. అంచులు చెమర్చాయి. మళ్లీ పిడకలు. మా అత్త, "నేల పచ్చడి చేస్తున్నవా ఏంది, గంత ఉప్పు," అంది. మూడోసారి, ఆగస్టు 17న, ఉప్పు పొద్దున పెట్టినట్టే సాయంత్రం ఉంది. వేలితో తీస్తే గలగలా రాలింది. ఆ ఉప్పు పారబోయలేదు, కూరలో వేశాను.

ఇక ఆ సందుకు దర్వాజ కావాలి.

నేను అడిగేలోపే మా ఆయన వేపమొద్దు ఒకటి కొట్టం వెనక చొప్పకింద దాచాడు. మా అత్త చూసింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

"గోడకు మరమ్మతన్న. కప్పుకు మరమ్మతన్న. మేకులు నీ పెండ్లాంతోని కొట్టిపిచ్చిన. దర్వాజకు మాత్రం ఏ మరమ్మతు లేదు. అది ఎత్తితే ఎత్తినట్టే. కాన్పు అయినంక నీ ఇష్టమున్నన్ని ఎత్తుకో."

"కాన్పుకే గద అత్తా గది," అన్నాను. "కుక్కలొస్తయి. గాలొస్తది. వానజల్లు వస్తది. ఇంత పొడి చేసి సందు ఇడిసిపెడితే ఏం ఫాయిదా?"

"నువ్వు చెమ్మ అంటవు. నేను దర్వాజ అంట. ఎవలిది నిజమో పోయినోడొచ్చి చెప్తడా?"

నేను జవాబు సిద్ధం చేసుకున్నాను. నా దగ్గర లెక్క ఉంది: దర్వాజ ఎత్తింది నాలుగో నెలలో, పిల్లవాడు పుట్టింది నెలలు నిండాక, బరువుగా, గట్టిగా ఏడుస్తూ. దోషమే ఉంటే అలా పుడతాడా? ఇదంతా చెప్పడానికి నోరు తెరిచి మా ఆయన వైపు తిరిగాను. ఆయన తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

"అమ్మ అన్నది నిజమే కావచ్చు," అన్నాడు.

రెండేళ్లలో ఆయన ఆ విషయం మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన కూడా నాలాగే రెండేళ్లుగా లెక్క వేసుకుంటున్నాడని, ఆయన లెక్కలో తప్పు ఎప్పుడూ తనమీదికే తేలుతోందని నాకు అప్పుడు అర్థమైంది. నేను నోరు మూసుకున్నాను. దర్వాజ వద్దన్నాను.

తడక అల్లుకున్నాము. కందికట్టెతో, సందుకు సరిగ్గా సరిపోయేలా. తాళ్లు లోపల, తడక గోడ బయటి అంచుకు సమంగా ఉండేలా, పైన రెండు నారతాళ్లతో వాసానికి కట్టి వేలాడదీశాము. లోపలి నుంచి ఒక అడ్డకర్ర. అయితే ఒక్క మాట మాత్రం నెగ్గించుకున్నాను. గాలి దూరకుండా తడకకు రెండు వైపులా రెండు వేళ్ల మందం మట్టి, పేడ పూయాలి. మా అత్త సరేనంది. పూత పని సాగిన మూడు రోజులూ ఆమె తప్పు చేసినదానిలా ఉంది. తానే కూర్చుని పూసింది, ఆరాక మళ్లీ పూసింది. చుట్టూ చట్రం లేదు గనుక తడక మూసినప్పుడు గోడతో సమానంగా కలిసిపోయేది. మా ఆయన బయటి నుంచి తోయబోయి రెండుసార్లు గోడను తోశాడు.

సెప్టెంబరు 2, గురువారం. తెల్లారినప్పటి నుంచి నొప్పులు. మగవాళ్లు మూడు రోజులుగా పశువులతో గుట్టమీద ఉంటున్నారు; మా ఆయన కూడా. మంత్రసాని పొద్దెక్కేలోగా వచ్చింది. ఆమె మా అత్తకంటే పెద్దది, పళ్లు లేవు, మా అత్తను వదినె అని పిలిచేది. నన్ను గదిలోకి తీసుకుపోయి నేలమీద అరచెయ్యి పెట్టి చూసి, "గింత ఎండిన జాగల నేనెవలికీ కాన్పు చెయ్యలే," అంది. నాకు అంతకంటే కావలసింది లేదు.

పడమటి రంధ్రంలోంచి ఎండ ఇంకా రాలేదు, అంటే పన్నెండు కాలేదు, అప్పుడు వాడలో కేకలు వినబడ్డాయి. పక్క ఊళ్లో దిగారట. ఇటే వస్తున్నారట. ఆడవాళ్లు పిల్లలను తీసుకుని జొన్న చేలలోకి పరుగెత్తుతున్నారు. మా అత్త లోపలికి వచ్చి నన్ను చూసింది.

"లేస్తవా?"

"లేవ."

"లేపితే?"

"నడిమిట్ల అయితది," అంది మంత్రసాని. "చేన్ల బురదల కనమంటవా?"

మా అత్త బయటికి పోయింది. తడక మూసి అడ్డకర్ర వేసుకోమంది. తర్వాత బయట ఏం చేస్తోందో చప్పుడు వల్ల తెలిసింది. కుండతో నీళ్లు, మట్టి కలిపే చేతులు, ఆపైన గోడమీద అరచెయ్యి జారే చప్పుడు. ముందు తడక అంచులు పూసింది. తడక అంచులు మాత్రమే తడిగా ఉంటే కళ్లు అక్కడికే పోతాయి. అందుకని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా గోడంతా పూయడం మొదలుపెట్టింది. ఇది ఆమె తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం, ఇల్లు విడిచి పరుగెత్తాల్సిన వేళ ఈమె అలుకుతోందేమిటని నాకు కోపం వచ్చింది.

వాళ్లు వచ్చేసరికి గోడ సగం కూడా కాలేదు. ఎంతమందో తెలియదు, నేను చూడలేదు గనుక రాయను. ఒకడికి మా యాస వచ్చు.

"ఏం చేస్తున్నవ్ ముసల్దానా?"

"కండ్లు లేవా కొడుకా? గోడ అలుకుతున్న."

"ఊరంత ఉరికింది. నీకు భయం లేదా?"

"ఉరికేటోళ్లకు కాళ్లున్నయి. రేపు పొలాల అమావాస. మీరొచ్చినా రాకున్నా పండుగొస్తది."

"నీ కొడుకేడి?"

"నాకు చెప్పి పోతడా? నువ్వు మీ అమ్మకు చెప్పే వచ్చినవా?"

ఎవరో నవ్వారు. మంత్రసాని నా నోటిలో చీర కొంగు మడిచి పెట్టి, తల తన ఒళ్లోకి లాక్కుంది.

"కోడలు?"

"తల్లిగారింటికి పోయింది, కాన్పుకు."

"గీ గోడెనక ఏమున్నది?"

"ఎద్దులుండె. మొన్న మీవోళ్లే కొట్టుకపోయిన్రు."

గోడమీద అరచెయ్యి జారే చప్పుడు ఆగలేదు. నా తల దగ్గరి నుంచి కాళ్ల వైపు, కాళ్ల వైపు నుంచి తల దగ్గరికి. ఆ చెయ్యి ఎక్కడుందో దాన్నిబట్టి నేను ఊపిరి తీసుకున్నాను. వాళ్లు ముందింట్లోకి పోయారు. గుమ్మి పగలగొట్టారు, జొన్నలు గోనెల్లోకి ఎత్తుకున్నారు, మేకలు అరిచాయి. తర్వాత గడ్డికి నిప్పు అంటుకున్న చప్పుడు. ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్లు ఇంకోదానితో పొరబడరు.

వాళ్లు పోయారు. మా అత్త దగ్గర రెండు కుండల నీళ్లు ఉన్నాయి. బావి దాకా పోయి తెచ్చేలోగా ఇల్లు ఆగదు. ఆమె ఆ రెండు కుండలూ ఇంటిమీద పోయలేదు. తడకమీద పోసింది. తర్వాత కొంగు తడిపి, మా చూరుకింద పడిన నిప్పురవ్వలను కొడుతూ నిలబడింది. పెంకల మీద పడినవి వాటంతట అవే ఆరిపోయాయి. రంధ్రంలోంచి పొగ రావడంతో మంత్రసాని తడి గుడ్డ కుక్కింది, కాసేపటికి తీసింది. ముప్పై ఏళ్ల ఇల్లు ఎంతసేపట్లో కాలిందో లెక్క కట్టే స్థితిలో నేను లేను. కప్పు కూలిన చప్పుడు మాత్రం విన్నాను. ముందింటి దర్వాజ కూడా దానితోపాటే పోయింది.

పిల్ల పుట్టినప్పుడు రంధ్రంలోంచి పడిన ఎండ నేల దాటి ఎదురు గోడ మొదటి వరుస ఎక్కింది. ఆ తర్వాత నెలంతా అదే చూసి కట్టిన లెక్క ప్రకారం మూడు, మూడుంబావు. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. మంత్రసాని తడక దగ్గరికి పోయి, "వదినె, మన్ను తియ్యి, బొడ్డు కొయ్యనీకి నీళ్లు కావాలె," అంది. బయట మా అత్త ఎండిపోవస్తున్న మట్టిని గోళ్లతో గీకింది. లోపలికి వచ్చినప్పుడు ఆమె మోచేతుల దాకా మట్టి, కనుబొమలు కాలిపోయి ఉన్నాయి. పిల్లను చూసింది. నేలమీద చెయ్యి పెట్టి చూసింది.

మంత్రసాని అంది: "ఎద్దులు ఎటునుంచి బయటికి పోయినయని వాడు అడిగితే ఏం చెప్పేదానివి?"

"అడగలే గద," అంది మా అత్త. అప్పుడు ముగ్గురం నవ్వాము. నాకు నవ్వితే నొప్పి పుట్టింది, అయినా ఆగలేదు.

మా ఆయన పొద్దు గూకకముందే పొగ చూసి పరుగున వచ్చాడు. మా అత్త అప్పటికి తడక మళ్లీ మూసి, అంచులు మళ్లీ పూసి, బూడిద ముందు కూర్చుని ఉంది. ఆయన ఇంటిని చూశాడట, ఆపైన గది వైపు తిరిగి చూశాడట. ఒకే రంగు, ఒకే తడి, ఎక్కడా సందు లేదు. రెండు అరచేతులతో గోడను తడుముకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. లోపలి నుంచి నాకు ఆ చేతులు తెలిశాయి.

"ఏడున్నదే తలుపు? ఏడున్నదే?"

"లొల్లి చెయ్యకు," అంది మా అత్త. "నీ బిడ్డ పండుకున్నది."

చేతులు ఆగిపోయాయి. తర్వాత గోడకు వీపు ఆనించి కింద కూర్చున్నట్టు తెలిసింది.

ఆ తర్వాత రోజులు నేను గోడమీద సుద్దతో గీతలు పెట్టాను. ఒక్కో రోజుకు ఒక గీత. మా ఆయన, మా అత్త చూరుకు తాటాకులు కట్టి దాని కింద వండుకున్నారు. వాన మూడుసార్లు పడింది. నేను రోజూ చాప ఎత్తి చూసుకునేదాన్ని. నేల పొడిగానే ఉంది. పదకొండో రోజు ఆదివారం, సెప్టెంబరు 12. ఆ రోజు మా ఆయన గుట్టకు పోలేదు, ఎవరు పిలిచినా లేవలేదు, తడక అవతల కూర్చుని గంటకోసారి, "పాలు తాగిందా?" అని అడిగాడు. తాగిందన్నాను. "ఒళ్లు?" అన్నాడు. వెచ్చగా ఉందన్నాను. పన్నెండో గీత మిగతావాటికంటే జానెడు పొడుగు వచ్చింది. దాన్ని చెరిపి మళ్లీ పెట్టలేదు. అదే సోమవారం భారత సైన్యం సరిహద్దు దాటిందని, పోలీసు చర్య మొదలైందని మాకు అయిదు రోజుల తర్వాత గాని తెలియలేదు. అప్పటికి అంతా అయిపోయింది కూడా. ఆ కబురు తెచ్చినాయన వాడలో నిలబడి చెబుతుంటే మా ఆయన విన్నాడు, తల ఊపాడు, లోపలికి తొంగి చూసి, "పదిహేడయినయి," అన్నాడు. ఆయన కూడా గీతలు లెక్కపెడుతున్నాడు.

పురుడు గడిచాక దర్వాజ ఎత్తుతానన్నాడు.

"ఇప్పుడెట్ల ఎత్తుతవు? పక్షాలు రావట్టె. పెద్దల అమావాస పోనియ్యి. దసరాకు ఎత్తు," అంది మా అత్త.

దసరా నాడే ఎత్తాడు, ఆ దాచిన వేపమొద్దుతో చేసి. మా అత్త పసుపు పూసింది. ఆయన దాని కింద నిలబడి, చేతుల్లో పిల్లతో, వచ్చినవాళ్లందరితో మాట్లాడాడు. పొద్దంతా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇన్ని మాటలు ఈయనకు ఉన్నాయా అనుకున్నాను. చెమ్మ నిజమో, దర్వాజ నిజమో మేము మళ్లీ ఎన్నడూ వాదించుకోలేదు. దర్వాజ ఉంటే వాళ్లు దాన్ని పగలగొట్టేవాళ్లు, అంతవరకు నేను ఒప్పుకుంటాను. రెండు వేళ్ల మందం పూత నా పట్టుదల అని మా అత్త ఒప్పుకునేది.

ఆ రోజు మాకు పోయినవి రాసి ఉంచాను. ముందింటి, వంటింటి గడ్డికప్పు, వాసాలు పద్నాలుగు, దూలాలు రెండు. దర్వాజ ఒకటి, తలుపు రెక్కలు రెండు. జొన్నల గుమ్మి ఒకటి, అందులో మూడొంతుల జొన్నలు. ఆముదాలు రెండు గోనెలు. ఇత్తడి బిందెలు రెండు, కంచు తపేలా ఒకటి. మంచాలు రెండు, గొంగళ్లు మూడు. నా పెళ్లి చీర. మేకలు అయిదు. మనుషులు, ఎవరూ లేరు. కోళ్లు తొమ్మిదో పదో సరిగ్గా చెప్పలేను. పదోది ఆ తర్వాత కూడా చొప్పవాములో కనబడిందని మా అత్త అనేది, నేను చూడలేదు గనుక తొమ్మిదనే రాశాను.